సింహమా, తోడేలా, ఖడ్గమృగమా: అడవి జంతువుల స్లాట్ గేముల్లో దేన్ని, ఎలా చూసి ఎంచుకోవాలి

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం నలుగురం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. అందరిలోకీ చిన్నవాడు గుంటూరు నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చిన కుర్రాడు, 23 ఏళ్లు. ఒక శనివారం రాత్రి ఫోన్ పట్టుకొచ్చి "అన్నా, ఈ మూడింట్లో ఏది బెటర్?" అని అడిగాడు. మూడూ అడవి జంతువుల స్లాట్ గేములే, అంటే డబ్బు పెట్టి స్పిన్ బటన్ నొక్కితే బొమ్మలున్న నిలువు వరుసలు (రీళ్లు) తిరిగే ఆన్‌లైన్ జూదం. ఒకదాంట్లో సింహం, ఒకదాంట్లో తోడేలు, ఒకదాంట్లో ఖడ్గమృగం.

"వద్దురా" అని ఒక్క మాటతో పంపేయొచ్చు. అలా పంపేస్తే వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఆడతాడు, ఈసారి నన్ను అడగడు కూడా. అందుకే టేబుల్ దగ్గర కూర్చుని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. ఆ రాత్రి చెప్పినవీ, తర్వాత తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది బ్రిటన్‌లోనో, న్యూజెర్సీ లాంటి చోట్లో చట్టబద్ధంగా ఆడే వీలున్న తెలుగువాళ్ల కోసం. ఇండియాలో ఉన్నవాళ్లకు ఈ ఎంపికే లేదు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

బొమ్మను పక్కన పెట్టి చూడాల్సినవి

తమ్ముడు మూడింటినీ బొమ్మల్ని బట్టే పోల్చాడు. "ఖడ్గమృగం గ్రాఫిక్స్ సూపర్ అన్నా" అన్నాడు. నిజమే, బాగుంది. కానీ తోడేలు బొమ్మ తీసి పులి బొమ్మ పెట్టినా గేమ్ లోపలి లెక్క మారదు. స్పిన్ నొక్కగానే ఫలితాన్ని రాండమ్ నంబర్ ప్రోగ్రామ్ తేల్చేస్తుంది. రీళ్లు తిరగడం ఆ ఫలితాన్ని మనకు చూపించే తీరు మాత్రమే. ఇందాకటి స్పిన్‌కూ ఇప్పటి స్పిన్‌కూ సంబంధం ఉండదు. "చాలాసేపటి నుంచి ఏమీ పడలేదు, ఇక పడుతుంది" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

మొదట చూడాల్సింది ఆర్‌టీపీ. అందరూ కలిసి వేసిన బెట్ల మొత్తంలో ఎంత శాతం తిరిగి ఆటగాళ్లకు వస్తుందో చెప్పే అంకె అది. లక్షల స్పిన్ల మీద తేలే సగటు. 96 శాతం అని ఉంటే నూరు పౌండ్ల బెట్లకు నాలుగు పౌండ్లు సైట్‌కు మిగులుతాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. పది పౌండ్లు డిపాజిట్ చేస్తే 9.60 చేతికి వస్తుందని అనుకుంటారు. అలా జరగదు. గెలిచిన డబ్బుతోనే మళ్లీ ఆడతాం, మళ్లీ అందులో నాలుగు శాతం పోతుంది. ఆ పది పౌండ్లే తిరిగి తిరిగి నూట యాభై పౌండ్ల బెట్లు అవుతాయి. కోత పడేది డిపాజిట్ మీద కాదు, ఆ నూట యాభై మీద.

రెండోది వోలటిలిటీ. ముసురుకీ కుండపోతకీ తేడా తెలుసు కదా. తక్కువ వోలటిలిటీ గేమ్ ముసురు లాంటిది. చిన్న చిన్న గెలుపులు తరచుగా పడుతుంటాయి. ఎక్కువ వోలటిలిటీ గేమ్‌లో నెలల తరబడి చినుకు ఉండదు, పడితే కుండపోత. చేతిలో పది పౌండ్లే ఉన్నవాడు ఆ వాన పడేదాకా నిలబడలేడు.

మూడోది వేగం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, రివ్యూల్లో అందరూ వదిలేసేదీ ఇదే. దీని గురించి లెక్కతో సహా చెప్తాను.

మూడు గేములు

మెగా మూలా పాతది. మైక్రోగేమింగ్ 2006లో తెచ్చింది, 2022 నుంచి గేమ్స్ గ్లోబల్ చేతిలో ఉంది. ఆఫ్రికా గడ్డి మైదానం, అయిదు రీళ్లు, 25 పేలైన్లు (ఒకే బొమ్మలు కలిస్తే డబ్బిచ్చే గీతలు). సింహం వైల్డ్, అంటే వేరే బొమ్మకు బదులు నిలిచేది. కోతి స్కాటర్, అంటే గీతతో పని లేకుండా ఎక్కడ పడినా లెక్కకొచ్చేది. బొమ్మలు ఈరోజు చూస్తే పాత కార్టూన్‌లా ఉంటాయి. అయినా జనం ఆడేది బొమ్మల కోసం కాదు, నాలుగంచెల జాక్‌పాట్ కోసం. ఎన్నో సైట్లలో ఎంతోమంది వేసే బెట్లలోంచి కొంత కొంత తీసి ఆ కుండలో పోస్తారు. 2015 అక్టోబర్‌లో ఒక బ్రిటిష్ సైనికుడు 25 పెన్నీల బెట్‌తో కోటీ ముప్పై రెండు లక్షల పౌండ్లు గెలిచాడు. తమ్ముడికి ఈ కథ ముందే తెలుసు. అందరికీ తెలిసేది ఈ కథే. ఈ గేమ్ ఆర్‌టీపీ 88.12 శాతం అన్నది మాత్రం వాడికి తెలియదు. జాక్‌పాట్ వాటా దీనికి అదనం. కానీ ఆ వాటా మొత్తం పోగై ఎవరో ఒక్కరికి పోతుంది. మామూలుగా ఆడే మనిషి చేతికి తిరిగొచ్చేది ఈ 88 నుంచే. ఇంకో సంగతి, బెట్ పెద్దదైతే జాక్‌పాట్ చక్రం వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. బెట్ పెంచాలన్న ఆశను ఆ గేమే పుట్టిస్తుంది.

వుల్ఫ్ గోల్డ్ ప్రాగ్మాటిక్ ప్లే వాళ్లది, 2017లో వచ్చింది. అమెరికా నైరుతి ఎడారి, ఎర్రటి కొండలు, తోడేలు, అడవిదున్న, గద్ద, గుర్రం. అయిదు రీళ్లు, మూడు వరుసలు, 25 పేలైన్లు. ఆర్‌టీపీ 96.01 శాతం, వోలటిలిటీ మధ్యరకం. ఇందులో చంద్రుడి బొమ్మలు ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అవి అక్కడే నిలిచిపోయి మూడు రీస్పిన్లు వస్తాయి. కొత్త చంద్రుడు పడినప్పుడల్లా లెక్క మళ్లీ మూడుకు వెళ్తుంది. పదిహేను గడులూ నిండితే బెట్‌కు వెయ్యి రెట్లు. ఈ జాక్‌పాట్ సైట్ల మధ్య పెరిగేది కాదు, బెట్‌ను బట్టి ముందే ఖాయమైన మొత్తం. 25 పెన్నీలు వేసినవాడికి 250 పౌండ్లు. జీవితం మారిపోదు, అలాగే దానికోసం 12 శాతం కోత కూడా ఉండదు.

గ్రేట్ రైనో మెగావేస్ కూడా ఆ కంపెనీదే, 2020లో వచ్చింది. తమ్ముడికి నచ్చింది ఇదే. "గెలవడానికి 2,00,704 దారులు" అన్న మాట చూసి పడిపోయాడు. ఆ అంకె ఎలా వచ్చిందో కాగితం మీద వేసి చూపించాను. ఆరు రీళ్లు. అటు చివర, ఇటు చివర ఉన్న రీళ్లలో గరిష్ఠంగా ఏడేసి బొమ్మలు. మధ్యలోని నాలుగింటికి పైన ఒక అడ్డ వరుస ఉంది కాబట్టి ఎనిమిదేసి. ఏడును ఏడుతో, దాన్ని నాలుగుసార్లు ఎనిమిదితో గుణిస్తే 2,00,704. అంతే. ఇవి బొమ్మలు కలిసే దారులే, గెలిచే అవకాశాలు కావు. దారులు పెరిగేకొద్దీ ఒక్కో దారికి ఇచ్చే మొత్తం తగ్గించి, లెక్కను అదే ఆర్‌టీపీకి తెస్తారు. ఇక్కడ అది 96.58, మూడింట్లోకీ ఎక్కువ. కానీ వోలటిలిటీ కూడా ఎక్కువే. గరిష్ఠ గెలుపు బెట్‌కు 20,000 రెట్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ ఒక్క స్పిన్ కోసం మిగతావాళ్ల స్పిన్లు ఎన్ని ఖాళీగా పోవాలో అక్కడ రాయరు.

రేజింగ్ రైనో అని డబ్ల్యూఎంఎస్ వాళ్ల గేమ్ ఒకటుంది. 4,096 దారులు, ఆర్‌టీపీ 95.91. అదీ ఎక్కువ వోలటిలిటీయే. పాత కాసినో మెషీన్ల తరహా నచ్చేవాళ్లు దాని పేరు చెప్తుంటారు. వుల్ఫ్ గోల్డ్ అందుబాటులో ఉండగా దాన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనిపించలేదు.

గంట లెక్క

ఆరు సెకన్లకు ఒక స్పిన్ అనుకుందాం, తీరిగ్గా ఆడే వేగమే. గంటకు 600 స్పిన్లు. ఒక్కోటి 25 పెన్నీలు వేసుకుంటే గంటలో 150 పౌండ్ల బెట్లు. మెగా మూలాలో సగటున పోయేది 17.82 పౌండ్లు. వుల్ఫ్ గోల్డ్‌లో 6 పౌండ్లకు కాస్త తక్కువ. గ్రేట్ రైనో మెగావేస్‌లో 5.13. పది పౌండ్లతో కూర్చుంటే సగటు లెక్కన సింహం దగ్గర అరగంట పైచిలుకు, తోడేలు దగ్గర గంటన్నర దాటి నడవాలి. ఇది సగటే సుమా. ఎక్కువమందికి అంతకన్నా ముందే అయిపోతుంది. ఎప్పుడో ఎవరికో పడే పెద్ద గెలుపు ఈ సగటును పైకి లాగుతుంది. ఖడ్గమృగం దగ్గర ఈ తేడా మరీ ఎక్కువ. కాగితం మీద ఆర్‌టీపీ బాగున్నా పది పౌండ్లు పావుగంటలో ఊడ్చుకుపోవచ్చు.

ఇప్పుడు అదే వుల్ఫ్ గోల్డ్‌లో బెట్‌ను రెండు పౌండ్లకు పెంచి చూడండి. గంటకు 1,200 పౌండ్ల బెట్లు, సగటు నష్టం 47.88. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. కాలేజీ నడిచే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని. మా తమ్ముడు వేర్‌హౌస్‌లో దాదాపు నాలుగు గంటలు పెట్టెలు మోసి సంపాదించింది ఒక గంటలో పోతుంది. ఈ మాట అన్నప్పుడు వాడి ముఖం మారింది. ఆర్‌టీపీ, వోలటిలిటీ అన్నంతసేపూ తల ఊపుతూ విన్నాడు, వేర్‌హౌస్ లెక్క మాత్రం నేరుగా తగిలింది.

వేగాన్ని ఎందుకు అన్నిటికన్నా పైన పెట్టానో లాటరీతో పోలిస్తే తెలుస్తుంది. బ్రిటన్ జాతీయ లాటరీ లోటో టికెట్ రెండు పౌండ్లు. జాక్‌పాట్ తగిలే అవకాశం నాలుగున్నర కోట్లలో ఒకటి. తిరిగొచ్చే శాతంలో ఏ స్లాట్‌తోనూ పోల్చలేనంత తక్కువ. అయినా వారానికి రెండు డ్రాలే. ప్రతి డ్రాకూ ఒక టికెట్ కొన్నా నాలుగు పౌండ్లతో అయిపోతుంది. మెగా మూలా మీద కోటి పౌండ్ల ఆశ పెట్టుకున్నవాడికి నా సలహా, ఆ ఆశ వదలలేకపోతే వారానికో లోటో టికెట్ కొనుక్కోవడమే నయం. ఇక్కడ జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ కూడా వేగాన్ని గుర్తించింది. 2021 అక్టోబర్ చివరి నుంచి ఒక్కో స్పిన్ కనీసం రెండున్నర సెకన్లు ఉండాలి, ఆటోప్లే (మనం నొక్కకుండానే వరసగా స్పిన్లు పడటం) ఉండకూడదు. 2025 ఏప్రిల్ 9 నుంచి స్పిన్‌కు గరిష్ఠ బెట్ అయిదు పౌండ్లు. అదే ఏడాది మే 21 నుంచి 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు రెండు పౌండ్లే.

గెలుపులా వినిపించే నష్టం

పాతిక పెన్నీలు వేస్తే పది పెన్నీలు వస్తాయి, గంటలు మోగుతాయి, నాణేలు ఎగురుతాయి. పోయింది పదిహేను పెన్నీలు. మన మెదడు మాత్రం గెలిచామనే నమోదు చేసుకుంటుంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీని మీద 2010లో ప్రచురించారు. ఇలాంటి 'గెలుపు' వేషంలోని నష్టాలకు శరీరం నిజమైన గెలుపులకు స్పందించినట్టే స్పందిస్తోందని గమనించారు. బ్రిటన్ లైసెన్సు ఉన్న సైట్లలో, బెట్ కన్నా తక్కువ వచ్చినప్పుడు సంబరం చేయకూడదని ఇప్పుడు నిబంధన. మీరు చూస్తున్న సైట్‌లో పది పెన్నీలకు కూడా సింహం గర్జించి నాణేలు రాలుతుంటే, అది ఇక్కడి నిబంధనలు పాటించే సైట్ కాదని అర్థం. బోనస్ రౌండ్‌ను నేరుగా డబ్బిచ్చి కొనుక్కోమని బటన్ చూపినా అంతే. బెట్‌కు వంద రెట్లు పెట్టి కొనే ఆ బటన్‌కు ఇక్కడ అనుమతి లేదు.

సైట్ కూడా ఎంపికలో భాగమే

గేమ్ ఒకటే అయినా సైట్‌ను బట్టి ఆర్‌టీపీ మారుతుందని చాలామందికి తెలియదు. నాకూ ఆ రాత్రి దాకా తెలియదు. తయారు చేసే కంపెనీలు ఒకే గేమ్‌ను రెండు మూడు ఆర్‌టీపీ సెట్టింగులతో ఇస్తాయి, ఏది పెట్టాలో సైట్ నిర్ణయిస్తుంది. రివ్యూలో 96 అని చదివి వెళ్తే అక్కడ 94 ఉండొచ్చు. 150 పౌండ్ల బెట్లకు ఆరు పోవాల్సింది తొమ్మిది పోతాయి. బయట ఏం రాశారో నమ్మకండి. గేమ్ తెరిచి, మెనూలో రూల్స్ పేజీకి వెళ్లి, కిందిదాకా దిగి చూడండి. తమ్ముడు చూపించిన సైట్‌లో ఆ అంకె ఏడో పేజీలో దొరికింది.

వెల్‌కమ్ బోనస్‌ను కూడా లెక్కేసి చూడాలి. పది పౌండ్ల బోనస్‌కు 35 రెట్ల షరతు ఉంటే 350 పౌండ్ల బెట్లు వేశాకే డబ్బు బయటికి తీయగలం. 96.01 గేమ్‌లో ఆ బెట్ల మీద సగటు నష్టం దాదాపు 14 పౌండ్లు, బోనస్ కన్నా ఎక్కువ. 2026 జనవరి 19 నుంచి బ్రిటన్‌లో ఈ షరతు పది రెట్లు దాటకూడదు. పాత షరతులే చూపిస్తున్న సైట్ ఎదురైతే దాని లైసెన్సు నంబర్‌ను గ్యాంబ్లింగ్ కమిషన్ పబ్లిక్ రిజిస్టర్‌లో వెతకండి. రెండు నిమిషాల పని. క్రెడిట్ కార్డు తీసుకుంటానన్నా అనుమానించాల్సిందే, ఎందుకంటే 2020 ఏప్రిల్ 14 నుంచి ఇక్కడ క్రెడిట్ కార్డుతో జూదం నిషేధం.

అమెరికాలో ఉన్నవాళ్లకు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూజెర్సీలో 2013 నుంచి ఆన్‌లైన్ కాసినోలు చట్టబద్ధం, వయసు 21 నిండాలి. టెక్సాస్‌లో ఉన్న మన వాళ్లకు ఆ వీలు లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు

ఊళ్లోని స్నేహితులు ఇవే గేముల లింకులు టెలిగ్రామ్‌లో వచ్చాయని నాకు పంపుతుంటారు. వాళ్లకు నేను గేముల మధ్య పోలిక చెప్పను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను అంతకుముందే బిగించాయి. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో సైబరాబాద్ పోలీసులు నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అక్కడ మీ ఫోన్‌కి వచ్చే తోడేలు గేమ్ అసలుదో నకలుదో, ఆర్‌టీపీ ఎంతో తనిఖీ చేసే నాథుడు లేడు. గెలిచినా డబ్బు ఇస్తారన్న భరోసా లేదు. ఇవ్వకపోతే ఫిర్యాదు చేయడానికి చోటు లేదు. యాప్ కోసం ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయమంటే ఫోన్‌లోని బ్యాంకు వివరాలు కూడా ప్రమాదంలో పడతాయి. ఇప్పటికే అప్పుల్లో పడి ఎవరికీ చెప్పలేక టెన్షన్ పడుతున్నవాళ్లు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరికి దేన్ని ఎంచుకోవాలి

చట్టం ఒప్పుకునే చోట ఉండి, పోయినా ఫరవాలేదనుకున్న పది పౌండ్లతో ఒక సాయంత్రం సరదాగా గడపాలనుకుంటే నా ఓటు వుల్ఫ్ గోల్డ్‌కు. అదీ రూల్స్ పేజీలో 96.01 కనిపించిన సైట్‌లో, 25 పెన్నీల బెట్‌తో. గ్రేట్ రైనో అంకెల్లో కొంచెం మెరుగే. కానీ చిన్న డబ్బుతో కూర్చునేవాడికి ఆ వోలటిలిటీ పనికిరాదు. ఖాళీ స్పిన్లు వరసగా పడుతుంటే బెట్ పెంచాలన్న కసి పుడుతుంది, నష్టాలు మొదలయ్యేది అక్కడే. మెగా మూలాను నేను ఎవరికీ సూచించను. పోయిన డబ్బు తిరిగి రాబట్టుకోవడానికో, ఫీజు కట్టడానికో ఆడాలనుకునేవాళ్లకు ఈ మూడింట్లో ఏదీ వద్దు. సగటు నష్టం ఉన్న గేమ్ అప్పు తీర్చదు.

ఆడే ముందే డిపాజిట్ పరిమితి పెట్టుకోండి, లైసెన్సు ఉన్న ప్రతి సైట్‌లో ఆ సదుపాయం ఉంటుంది. చేయి దాటుతోందనిపిస్తే గ్యామ్‌స్టాప్ అనే సేవలో పేరు నమోదు చేసుకుంటే బ్రిటన్ లైసెన్సు ఉన్న సైట్లన్నీ ఆరు నెలలు, ఏడాది, అయిదేళ్లు, మీరు ఎంచుకున్నంత కాలం మిమ్మల్ని రానివ్వవు. మధ్యలో మనసు మారినా వెనక్కి తీసుకోలేరు. జూదం హెల్ప్‌లైన్ 0808 8020 133, రోజంతా ఉచితం.

ఆ రాత్రి తమ్ముడు డబ్బు పెట్టలేదు. వయసు నిర్ధారణ చేసుకుని డెమోలో (డబ్బు పెట్టకుండా ఆడే నమూనాలో) ఆడదామన్నాను. ఒక్కో గేమ్‌లో వంద స్పిన్లు, ప్రతి స్పిన్‌కూ ఎంత పోయిందో ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో రాయాలి. ఖడ్గమృగంతో మొదలుపెట్టాడు. అరవయ్యో స్పిన్ దగ్గర "అన్నా, రాయడమే ఎక్కువగా ఉంది, వచ్చేది ఏమీ లేదు" అని పెన్ను కింద పెట్టాడు. వుల్ఫ్ గోల్డ్ వంద స్పిన్లూ పూర్తి చేశాడు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ వంటగదిలో ఫ్రిజ్ మీద ఉంది, వెనక పేజీల్లో ఇంటి సరుకుల లెక్కలు రాసుకుంటున్నాం.